రబ్బరు లేని చార్టు

ఆ బస్సు డిపోలో ఆవిడ అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా కనిపించదు. డ్రైవర్లకీ కండక్టర్లకీ, గేటు దగ్గర కాపలా ఉండే పెద్దాయనకీ, చివరికి డిపో మేనేజరుకీ కూడా ఆవిడ చార్టక్కే. డిపోలో అరవై నాలుగు బస్సులు, నూట తొంభై మంది డ్రైవర్లు. ఎవరు ఏ రోజు ఏ బస్సు ఎన్ని గంటలకు బయటికి తీయాలి, ఎన్నింటికి తెచ్చి అప్పజెప్పాలి, ఎవరికి ఏ రోజు సెలవు అన్నదంతా రాసే డ్యూటీ చార్టు ఇరవై నాలుగేళ్లుగా ఆవిడ చేతుల మీదుగానే నడుస్తోంది.

మొదట్లో అది నిజంగా చేతిపనే. దుప్పటంత కాగితం, ఒక చెక్క స్కేలు, చెక్కి చెక్కి బొటనవేలంత మిగిలిన పెన్సిలు, ఒక పెద్ద రబ్బరు. ఒకడికి జ్వరమని సెలవు చీటీ వస్తే ఆ పేరు చెరిపి ఇంకొకడి పేరు రాయాలి. ఆ ఇంకొకడిని లాక్కొచ్చిన చోట ఖాళీ పడుతుంది. అక్కడికి మూడోవాడు. సాయంత్రం లేచి నిలబడితే ఒళ్లోంచి రబ్బరు పొట్టు జలజలా రాలేది. "అక్కా, నిన్న చూస్తే తొమ్మిదో బస్సు నాది. ఇవాళ నా పేరెవరు చెరిపారు?" అంటూ రోజుకొక్కడైనా కిటికీ దగ్గర దెబ్బలాటకు దిగేవాడు. చెరిపేసిన దానికి సాక్ష్యం ఉండదు కాబట్టి ఆ దెబ్బలాట ఏ రోజూ తేలేది కాదు.

ఎన్ని చెరిపినా, ఎన్ని రాసినా ఒక్క నియమం మాత్రం ఆవిడ తప్పనిచ్చేది కాదు. బస్సు దిగిన మనిషి మళ్లీ బస్సెక్కేలోపు తొమ్మిది గంటలు గడవాలి. పైనుంచి ఎంత ఒత్తిడి వచ్చినా సరే. "నిద్ర చాలని మనిషి చేతికి స్టీరింగు ఇచ్చానంటే లోపల కూర్చున్న యాభై మందీ నన్నే అడుగుతారు" అనేది. తన చార్టులో ఆ నియమం ఒక్కసారి కూడా తప్పలేదని ఆవిడ నమ్మకం. ఆ నమ్మకంతోనే తల ఎత్తుకుని తిరిగేది.

తరవాత కంప్యూటరు వచ్చింది. ప్రధాన కార్యాలయం వాళ్లు ఒక ఇంజనీరు అమ్మాయిని మూడు నెలల కోసం పంపారు. సన్నగా, ఎప్పుడూ చెవి వెనక పెన్ను పెట్టుకుని తిరిగే ఆ అమ్మాయి చార్టక్క పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుని, నియమాలన్నీ అడిగి రాసుకుని, చార్టు దానంతటదే తయారయ్యేలా ప్రోగ్రాం రాసి పెట్టింది. మొదటి వారం "మేడం" అంది, రెండో వారానికి "పిన్నీ" అంది, మూడు నెలలు కాగానే వేరే ఊళ్లో వేరే ఉద్యోగానికి వెళ్లిపోయింది. ప్రోగ్రాం మాత్రం రెండేళ్లు గడియారంలా నడిచింది. సెలవు చీటీలు ఎక్కించడం, గోడ మీది పాత చార్టు చింపేసి అచ్చయి వచ్చిన కొత్తది అంటించడం, ఇదే ఇక చార్టక్క పని. సొరుగులో రబ్బరు ఎండి పగుళ్లు పట్టింది.

అలా ఉండగా ఒకరోజు పొద్దున ఏడింటికి, డిపో గేటు దగ్గర దబ్బుమని చప్పుడయింది.

బస్సు బయటికి తీస్తూ పొడుగు డ్రైవరు గేటు స్తంభాన్ని గుద్దేశాడు. డ్రైవరు సీటులో కూర్చుంటే తల పైకప్పుకు తగిలేంత పొడుగు మనిషి కాబట్టి అతనికా పేరు. పదకొండేళ్ల సర్వీసులో గీత కూడా పడనివ్వని చెయ్యి అతనిది. అదృష్టం కొద్దీ బస్సులో ఇంకా ఎవరూ ఎక్కలేదు. స్తంభం ఒరిగింది, ముందు దీపం పగిలింది, అంతే. చార్టక్క పరుగెత్తుకెళ్లేసరికి అతను ఫుట్‌బోర్డు మీద కూర్చుని రెండు చేతులూ చూసుకుంటున్నాడు.

"కళ్లు మూతపడ్డాయక్కా. ఎప్పుడు మూతపడ్డాయో నాకే తెలీదు."

"నిన్న సాయంత్రం ఆరింటికే దిగావు కదరా?"

"లేదక్కా. నిన్న డ్యూటీ మార్చుకున్నాను. ఇంకో డ్రైవరు కొడుక్కి జ్వరమంటే వాడి బస్సు నేను తీసుకున్నాను. చీటీ కూడా ఇచ్చాం. నేను దిగేసరికి రాత్రి ఒంటిగంటన్నర అయింది."

చార్టక్క తన గదిలోకి తిరిగి వెళ్లింది. గోడ మీద చార్టు చూసింది. పొడుగు డ్రైవరు పేరు పక్కన విశ్రాంతి పదమూడు గంటలు అని ఉంది. నిజంగా దొరికింది ఐదున్నర. డ్యూటీలు మార్చుకున్న సంగతి ప్రోగ్రాంకి ఎక్కింది, బస్సు పక్కన పేరూ మారింది. కానీ విశ్రాంతి లెక్క మాత్రం మార్చుకోక ముందున్న డ్యూటీ నుంచే కట్టింది.

మేనేజరు మంచివాడే కానీ కాగితం మనిషి. "ప్రోగ్రాం పదమూడు గంటలని రాసిందమ్మా. కాగితం ప్రకారం విశ్రాంతి ఉంది. ఉండగా నిద్రపోయాడంటే తప్పెవరిది?" అన్నాడు. విచారణ తేలేవరకు పొడుగు డ్రైవరును స్టీరింగు నుంచి తప్పించి టైర్ల సెక్షనుకు పంపారు. ఆ పొడుగు మనిషి వంగి వంగి టైర్లు దొర్లించుకుంటూ కిటికీ ముందునుంచి పోతున్నప్పుడల్లా "బాగున్నావా అక్కా" అని పలకరించేవాడు. తిట్టినా బాగుండునని ఆవిడకు అనిపించేది.

"పోనీ ఆ ప్రోగ్రాం సరిచేయించండి" అని మేనేజరును పట్టుకుంది.

"ప్రధాన కార్యాలయాన్ని అడగలేదనుకున్నావా? అది రాసింది ఏదో ఫంక్షనల్ భాషలోనట. మామూలుగా అందరూ రాసే రకం కాదట. ఆ అమ్మాయి తప్ప మన సంస్థలో అది తెలిసినవాళ్లు లేరు. మొత్తం పడగొట్టి కొత్తది కట్టాలంటున్నారు. రెండేళ్లు పడుతుందట."

"రెండేళ్లా! ఈలోపు డ్రైవర్లు మార్చుకోకుండా ఉంటారా?" అని, ఒక్క క్షణం ఆగి, "భాషేగా. నేర్చుకుంటే రాదా?" అంది.

మేనేజరు నవ్వాడు. ఎగతాళిగా కాదు, జాలిగా. "చార్టక్కా, అక్కడ ఇంజనీర్లే చేతులెత్తేశారు."

పదో తరగతి, టైపు పరీక్ష, ఆవిడ చదువంతే. వయసు యాభై రెండు. ఆ జాలి నవ్వు లేకపోతే అక్కడితో ఊరుకునేదేమో. మర్నాడు భోజనాల వేళ ఇంజనీరు అమ్మాయికి ఫోను చేసి జరిగిందంతా చెప్పింది.

"మార్చుకుంటారని నాకెవరూ చెప్పలేదు పిన్నీ. చివరి వారంలో తెలిసి, హడావిడిగా ఆఖర్న అతికించాను. విశ్రాంతి లెక్క అప్పటికే రాసేశాను. అదీ మార్చాలని తోచలేదు."

"నీదేం తప్పు? చెప్పాల్సింది నేను. వాళ్లు మార్చుకోవడం నాకెంత అలవాటంటే, అది చెప్పాల్సిన సంగతని కూడా అనుకోలేదు. సరే, ఇప్పుడు నువ్వు సరిచేసి పెట్టగలవా?"

అమ్మాయి నీళ్లు నమిలింది. ఇప్పటి ఉద్యోగంలో బయటి పని ముట్టుకోకూడదని సంతకం పెట్టిందట. "చేసి పెట్టలేను పిన్నీ. నేర్పమంటే నేర్పుతాను. దానికి ఎవరూ అడ్డు చెప్పరు."

"అయితే నేర్పు."

మంగళవారం, శుక్రవారం భోజనాల వేళ అరగంట. అలా మొదలయింది. ఈలోపు మార్పిడి చీటీ వచ్చిన ప్రతిసారీ ఆ మనిషి విశ్రాంతి గంటలు తనే చేత్తో లెక్క చూసేది.

ఇంట్లో ముందు గది భర్త గడియారాల మరమ్మతు దుకాణం. ఆయన బల్ల మీద చిన్న చిన్న పళ్లచక్రాలు, పట్టకార్లు, గోడ నిండా తలో టైము చూపించే గడియారాలు. ఆయనే బల్లలో సగం ఖాళీ చేసి, మేనల్లుడు వాడి వదిలేసిన ల్యాప్‌టాప్ అక్కడ పెట్టాడు. "ఇకనుంచి ఈ బల్ల మీద రెండు రోగాలకు వైద్యం" అన్నాడు. ఆయనకు కంప్యూటరంటే ఏమీ తెలీదు. కానీ విప్పిన దాన్ని మళ్లీ బిగించే ఓపికంటే ఏమిటో తెలుసు.

మొదటి పాఠం ఫంక్షను. "ఒక వస్తువిస్తే ఇంకో వస్తువు తిరిగిస్తుంది పిన్నీ. అదే ఇస్తే ఎప్పుడూ అదే ఇస్తుంది. ఇవాళ ఒకటి, రేపొకటి చెప్పదు. పక్కవాళ్ల వస్తువు ముట్టుకోదు."

"మా మేనేజరుకంటే నయమే" అంది చార్టక్క.

హాయిగా నవ్వుకున్నారు కానీ, ఆ వారమంతా తెర మీద ఎర్ర అక్షరాలే. ఏం రాసినా తప్పంటూ ఎర్ర తిట్లు. ఒక పంక్తి రాస్తే పది పంక్తులు తిట్టేది. వాటిని ఒక నోటుపుస్తకంలో రోజూ ఎత్తి రాసుకుంది. మూడో వారానికి నూట ఇరవై దాటాయి. తల బొప్పి కట్టి, "ఏమండీ, ఇది నన్ను మనిషి కింద లెక్క కట్టడం లేదు" అని భర్తతో అంది.

ఆయన భూతద్దం కంటినుంచి తీయకుండానే, "తిట్టేది ప్రతిసారీ ఒకే తిట్టా, వేరు వేరా?" అని అడిగాడు.

చూస్తే తొంభై పైగా ఒకే తిట్టు. "ఇక్కడ ఈ రకం రావాలి, నువ్విచ్చింది ఆ రకం." మర్నాడు పాఠంలో అడిగితే అమ్మాయి విడమరచి చెప్పింది. ఈ భాషలో ప్రతి దానికీ రకముంటుంది. డ్రైవరు నంబరూ అంకే, బస్సు నంబరూ అంకే. కానీ ఒకటి అడిగిన చోట ఇంకోటి పెట్టనివ్వదు.

చార్టక్కకు చటుక్కున ఒక పాత సంగతి గుర్తొచ్చింది. పదేళ్ల కిందట తను సెలవులో ఉన్నప్పుడు చార్టు రాసిన ఒక గుమాస్తా, నలభై అయిదో నంబరు డ్రైవరుకీ నలభై అయిదో నంబరు బస్సుకీ తేడా చూసుకోక, ఒకే డ్రైవరును ఒకే రోజు మూడు ఊళ్లకు పంపాడు. డిపో అంతా ఒకటే గోల. "అంటే ఇది తిట్టడం కాదే అమ్మాయ్. చెయ్యి పట్టుకుని ఆపుతోంది" అంది. ఆ రోజునుంచి ఎర్ర అక్షరాలకు భయపడటం మానేసింది. కూడబలుక్కుని అయినా సరే, చివరి అక్షరం వరకు చదివేది.

అసలు గొడవ రబ్బరు దగ్గర వచ్చింది.

"ఇందులో ఒకసారి రాసిన విలువ మారదు పిన్నీ" అంది అమ్మాయి.

"మరి సెలవు చీటీ వస్తే? పేరు చెరపాలిగా?"

"చెరపం. పాత చార్టునీ చీటీనీ ఫంక్షనుకిస్తాం. కొత్త చార్టు వస్తుంది. పాతది పాతదిలాగే ఉంటుంది."

"ఒక్క పేరు మార్చడానికి మొత్తం చార్టు మళ్లీనా! దుప్పటంత కాగితం ఎన్నిసార్లు రాస్తాననుకున్నావు?"

"రాసేది మీరు కాదుగా."

జవాబు సబబుగానే ఉంది కానీ ఆవిడకు మింగుడు పడలేదు. ఇరవై ఏళ్లు చెరిపిన చెయ్యి. చెరపకుండా పనేమిటి? ఒక వారం పాఠానికి ఫోను కూడా చేయలేదు. డిపోలో కంప్యూటరు ఆపరేటరుకు వేరే భాషలు రెండు వచ్చు. పోనీ అతన్ని అడుగుదామని కూర్చోబెడితే, మూడు రోజులు కుస్తీ పట్టి లేచిపోయాడు. "ఇదేం భాషక్కా, రాసిన అంకెను ఒకటి పెంచుకోవడానికి కూడా ఒప్పుకోదు! నాకు తెలిసినదంతా మర్చిపోతే గానీ ఇది రాదు" అన్నాడు. ఆవిడకు ఆ మాట విచిత్రంగా తోచింది. మర్చిపోవడానికి తనకు తెలిసిందే లేదుగా.

ఆ శనివారం కిటికీ దగ్గర మళ్లీ పాత దెబ్బలాటే. "నిన్న నా పేరుంది, ఇవాళ లేదు." డ్రైవరు ఒకడు బల్ల గుద్ది మరీ అడుగుతున్నాడు. చార్టక్క అతని ముఖంకేసి చూస్తూ చూస్తూ మాట మర్చిపోయింది. నిన్నటి చార్టు నిన్నటిలాగే ఉండి, ఇవాళ్టిది దాని పక్కన ఉండి, మధ్యలో ఏ చీటీ వల్ల మారిందో కనిపిస్తూ ఉంటే ఈ మనిషికి బల్ల గుద్దే పనేముంది? ఇన్నేళ్లూ తను చెరిపింది పేర్లొక్కటే కాదు, జవాబులు కూడా.

మంగళవారం ఫోను చేసి, "అమ్మాయ్, రబ్బరు అక్కర్లేదులే. తరవాతేమిటో చెప్పు" అంది.

తరవాతది ఇంజనీర్లు కూడా తడబడే పాఠమని అమ్మాయి భయం భయంగా మొదలుపెట్టింది. ఒక జాబితా ఉంది. మొదటి వాళ్ల పని చూడాలి. మిగిలిన జాబితాను మళ్లీ అదే ఫంక్షనుకు అప్పజెప్పాలి. తనను తనే పిలుచుకునే ఫంక్షను. "అర్థం కాకపోతే కంగారు పడొద్దు పిన్నీ, నాకే నెల పట్టింది."

"ఇందులో అర్థం కానిదేముంది? కిటికీ ముందు వరస. ముందున్నవాడి సంగతి చూస్తాను. వాడు పోగానే వెనక మిగిలినదీ వరసే. దాని సంగతీ అలాగే చూస్తాను."

అవతల అమ్మాయి ఆ మాట మళ్లీ చెప్పించుకుంది. తరవాత, "పిన్నీ, మా క్లాసులో నలభై మందిమి. ఒక్కళ్లు కూడా ఇలా చెప్పలేదు" అంది.

పొగడ్తకు పొంగిపోయి, ఆ సాయంత్రమే ఒక ఫంక్షను సొంతంగా రాసి నడిపింది. అది ఆగలేదు. ల్యాప్‌టాప్ రొదపెట్టి వేడెక్కింది కానీ జవాబు రాలేదు. భర్త తొంగిచూసి "స్ప్రింగు తెగిందా?" అన్నాడు. గంట తరవాత తెలిసింది, వరసలో ఎవరూ లేకపోతే ఏం చేయాలో తను రాయనే లేదు. కిటికీ మూయడం మర్చిపోయింది! తనలో తను నవ్వుకుని ఆ ఒక్క పంక్తీ చేర్చింది. జవాబు టక్కున వచ్చింది. గోడ మీది గడియారాలేవీ చూడకుండానే తనకు ఆకలవుతోందని అప్పుడు తెలిసింది.

ఆరో నెలలో అసలు ప్రోగ్రాం తెరిచింది. పద్నాలుగు వందల పంక్తులు. రోజుకు పాతిక పంక్తులు చొప్పున, అర్థం కాని చోట పెన్సిలుతో గీత గీసుకుంటూ, రెండు నెలలు చదివింది. చదువుతూ పోతే అందులో కనబడింది కొత్త విషయం కాదు, తన డిపోనే. సెలవులు తీసెయ్యి, మిగిలినవాళ్లను వరస పెట్టు, బస్సులతో జత కట్టు, విశ్రాంతి చూడు, మార్పిళ్లు వెయ్యి, అచ్చు తియ్యి. తను ఆ అమ్మాయికి నోటితో చెప్పిన మాటలే అక్కడ ఫంక్షన్లయి, ఒకదాని చేతిలోంచి ఒకదాని చేతిలోకి చార్టును అందించుకుంటున్నాయి. విశ్రాంతి చూడటం ముందు, మార్పిళ్లు తరవాత. అదే జబ్బు.

వరస తిప్పితే సరిపోతుందనుకుంది. తిప్పగానే తెర నిండా ఎర్రటెరుపు. మార్పిళ్లు వేసిన చార్టు ఒక రకం, వేయనిది ఇంకో రకం. విశ్రాంతి చూసే ఫంక్షను మొదటి రకాన్ని చేత్తో కూడా ముట్టుకోదు. మొత్తం పద్నాలుగు చోట్ల అడ్డుపడింది. వెనకటి చార్టక్క అయితే మూసి పక్కన పెట్టేది. ఇప్పటి చార్టక్క ఒక్కొక్క చోటికీ వెళ్లి, అదేమడుగుతోందో చదివి, సరిచేసి, తరవాతి చోటికి పోయింది. పదకొండు రోజులు పట్టింది. పద్నాలుగోది సరిచేశాక ఎరుపు పోయింది. తెర మీద ఒక్క మాట కూడా రాలేదు. ఆ నిశ్శబ్దాన్ని చూసి ఆవిడకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అయిపోయిందా?" అన్నాడు భర్త.

"ఎక్కడండీ. బిగించాను. సరిగా తిరుగుతుందో లేదో చూడొద్దూ?"

చూడటానికి ఆవిడ దగ్గర మంచి సాధనమే ఉంది. డిపో స్టోరు గదిలో పెన్సిలు రోజుల చార్టులు చుట్టలు చుట్టి, దుమ్ము కొట్టుకుని పడి ఉన్నాయి. అవి తప్పులేని చార్టులని ఆవిడకు తెలుసు కదా. వాటిని ఎక్కిస్తే ప్రోగ్రాం ఏ అభ్యంతరమూ చెప్పకూడదు. చెప్పిందంటే ప్రోగ్రాం తప్పు. మేనేజరు అనుమతి తీసుకుని, ఆరు నెలల చార్టులు, వాటి తాలూకు మార్పిడి చీటీలతో సహా ఎక్కించింది.

ప్రోగ్రాం నాలుగు చోట్ల అభ్యంతరం చెప్పింది.

ఫంక్షను తప్పు రాశాననుకుని మళ్లీ చూసింది. తప్పు దొరకలేదు. అప్పుడు ఆ నాలుగు కాగితాలూ నేల మీద పరిచి, మోకాళ్ల మీద కూర్చుని, వేళ్ల మీద గంటలు లెక్కపెట్టింది. రెండు రోజులు అదే పని. ఏడు గంటలు. ఎనిమిదింపావు. ఏడున్నర. నాలుగోది ఆరే గంటలు. నాలుగూ తన చేతిరాతే. ప్రోగ్రాం చెప్పింది అక్షరాలా నిజం.

ఆ సాయంత్రం ఆవిడ ఆ నాలుగు కాగితాలూ చుట్టి సంచిలో పెట్టుకుంది. ఇరవై ఏళ్లు తల ఎత్తుకు తిరిగింది ఏ నమ్మకంతోనో, అది ఒక చిన్న ఫంక్షను ముందు నిలవలేదు. ఎక్కించకపోతే ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పటికీ తనకు తప్ప ఎవరికీ తెలీదు.

ఆరు గంటల విశ్రాంతితో బస్సెక్కిన ఆ నాలుగో మనిషి ఎవరో కాదు, చూపు తగ్గడంతో గేటు కాపలాకు మారిన పెద్దాయనే. మర్నాడు పొద్దున్నే కాగితం చంకలో పెట్టుకుని గేటు దగ్గరికి వెళ్లింది.

"ఏడేళ్ల కిందట నీకు ఆరు గంటలే విశ్రాంతిచ్చి మళ్లీ బస్సెక్కించాను. నిన్ననే తెలిసింది. చెప్పకుండా ఉండలేకపోయాను."

పెద్దాయన కాగితం దగ్గరగా పెట్టుకుని చూసి, మడిచి తిరిగి ఇచ్చేశాడు. "నాకప్పుడే తెలుసక్కా. ఆ వారం మీ అమ్మగారు ఆసుపత్రిలో ఉన్నారు. నువ్వు అక్కడ్నించి ఇక్కడికీ ఇక్కడ్నించి అక్కడికీ తిరుగుతున్నావు. నీ ముఖం చూసి అడగలేకపోయాను."

"అడగాల్సింది."

"అడగాల్సిందే" అని ఒప్పుకున్నాడు. "దార్లో రెండుసార్లు బస్సాపి ముఖం కడుక్కున్నాను."

విచారణ రోజున ముగ్గురు అధికారులు వచ్చారు. పొడుగు డ్రైవరు చొక్కా గుండీలు మెడదాకా పెట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. చార్టక్క ల్యాప్‌టాప్ తెరిచి, ప్రమాదం నాటి చార్టును ముందు పాత ప్రోగ్రాంకి ఇచ్చింది. పదమూడు గంటలు అంది. అదే చార్టు, అవే చీటీలు తను దిద్దినదానికి ఇచ్చింది. ఐదున్నర గంటలు, ఈ మనిషిని పంపకూడదు అంది.

మధ్యలో కూర్చున్న పెద్ద అధికారి కళ్లజోడు సర్దుకున్నాడు. "ఇది ఎవరు సరిచేశారు?"

"నేనేనండి."

"మీరు ఏం చదివారు?"

"పదో తరగతి. టైపు." కాస్త ఆలోచించి, "ఇప్పుడు ఇది" అని చేర్చింది.

తరవాత సంచిలోంచి నాలుగు పాత చార్టులు తీసి బల్ల మీద పెట్టింది. "ఇవి కూడా రాసుకోండి. పెన్సిలు రోజుల్లో నేను చేసిన తప్పులు."

మేనేజరు కుర్చీలో అటూ ఇటూ కదిలాడు. అధికారి ఆశ్చర్యపోయి, "ఇవి మేం అడగలేదు కదమ్మా" అన్నాడు.

"అడగలేదండి. కానీ ప్రోగ్రాం తప్పు చేసిందని ఒక్కటే రాసుకుంటే, మీరు మళ్లీ చేత్తోనే రాయమంటారు. చేత్తో రాసినా తప్పు జరిగింది. అప్పుడు పట్టుకునేవాళ్లు లేరు. ఇప్పుడు పట్టుకునేది ఒకటుంది. దాన్ని తీసెయ్యకండి, చూసుకోండి. నేను అడిగేది అంతే."

పెద్ద అధికారి నాలుగు కాగితాలూ ఒక్కొక్కటే చదివి, ఫైల్లో పెట్టుకున్నాడు.

పది రోజులకు ఉత్తర్వు వచ్చింది. పొడుగు డ్రైవరు తప్పేమీ లేదని తేల్చి మళ్లీ బస్సు అప్పజెప్పారు. మొదటి రోజు డిపోలోంచి బయటికి తీస్తూ, కిటికీ ఎదురుగా బస్సు ఆపి, దిగి లోపలికి వచ్చాడు.

"ఏరా, ఎన్ని గంటలు పడుకున్నావు?" అంది చార్టక్క.

"తొమ్మిదిన్నర అక్కా."

"అయితే పో. వెనక ఆరు బస్సులు ఆగాయి."

చార్టక్క దిద్దిన ప్రోగ్రాంను తక్కిన డిపోల్లో కూడా పెట్టమన్నారు. అక్కడి చార్టు గుమాస్తాలు నలుగురు శనివారం పొద్దుటిపూట ఆవిడ దగ్గరికి పాఠానికి వస్తున్నారు. మొదటి రోజున వాళ్లలో ఒకావిడ ఎర్ర అక్షరాలు చూసి బిక్కముఖం పెడితే, చార్టక్క తన నోటుపుస్తకం తెచ్చి ముందు పెట్టింది. "మూడు వారాల్లో నూట ఇరవై. నా లెక్క దాటాక వచ్చి ఏడువు" అంది. ఆవిడ ఏడవలేదు. రెండో నెలకు తనే ఒక ఫంక్షను రాసింది.

ఈమధ్య సెలవులకు ఇంజనీరు అమ్మాయి డిపో చూడటానికి వచ్చింది. చార్టక్క పక్కన పాత కుర్చీలోనే కూర్చుని, దిద్దిన పంక్తులన్నీ మొదటినుంచి చివరిదాకా చదివింది. చదివినంతసేపూ చార్టక్క గోళ్లు గిల్లుకుంటూ కూర్చుంది.

"పిన్నీ, నేను రాసినదానికంటే శుభ్రంగా ఉంది" అంది అమ్మాయి చివరికి. ఊరికే అనలేదని గొంతే చెప్పింది. "ఒక్కటే. ఈ ఫంక్షనుకు 'విశ్రాంతి' అని పెట్టారేమిటి? మిగతావన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి కదా. మార్చేద్దామా?"

"మార్చొద్దు" అంది చార్టక్క, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా. "నీ తరవాత దీన్ని చదవడానికి నాకు ఎనిమిది నెలలు పట్టింది. నా తరవాత చదివేది ఇంకో చార్టు గుమాస్తానే. ఎక్కడ మొదలుపెట్టాలో ఆ మనిషికి ఒక్క మాటైనా ఎదురు రావాలి."

అమ్మాయి చెవి వెనకనుంచి పెన్ను తీసి, తను రాసిన పంక్తుల్లోకి వెనక్కి వెళ్లింది. "అయితే మార్పిళ్ల దాన్ని ఏమందాం పిన్నీ?" అని అడిగింది. ఇద్దరూ తెర ముందు తలలు ఆనించి కూర్చున్నారు.